ఎలుకల నిమ్మళం: కూనూరు నుంచి తార్నాక దాకా

తెలుగు సామెతల్లో ఎలుకకు సుఖం లేదు. కొండను తవ్వి పట్టేది ఎలుకను. పిల్లికి చెలగాటమైనప్పుడు ప్రాణసంకటం ఎలుకకు. ఇల్లు తగలబెట్టుకున్న తెలివితక్కువవాడి కథలో కూడా నేరం ఎలుక మీదికే వస్తుంది. వినాయకుడి పాదాల దగ్గర కూర్చున్నంతసేపే దానికి మర్యాద. చవితినాడు ఉండ్రాళ్ళు పెట్టిన చేతులే మర్నాడు బోనులో ఉల్లిపాయ ముక్క గుచ్చుతాయి.

మా పెద్దమందడి వైపు ఈ వైరానికి బలమైన కారణమే ఉంది. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, ఆ తర్వాత వనపర్తి జిల్లాలోకి వచ్చిన మండలం మాది. ఎత్తిపోతల నీళ్ళు వచ్చి వరి పెరగక ముందు ప్రధానంగా మెట్టసేద్యం: జొన్న, కంది, ఆముదం, పల్లి. వాన పడితే ఒక పంట, పడకపోతే వలస. ఏడాది గింజలు పాతరలోనో గుమ్మిలోనో దాచుకున్న ఇంటికి ఎలుక అంటే కేవలం అసహ్యం కాదు, లెక్క. అది తిన్న ప్రతి శేరూ పిల్లల నోటి దగ్గరిది. అలాంటి చోట నిలబడి "పెంపుడు ఎలుక సంతోషంగా ఉన్నదని ఎట్లా తెలుస్తుంది?" అని అడిగితే, కడుపు నిండినవారి ముచ్చటగా వినిపిస్తుంది.

అయితే ఆ ప్రశ్న పుట్టుపూర్వోత్తరాలు వెతికితే దొరికేది ఆకలి చరిత్రే. అందులో కోస్తా తెలుగువారి అన్నం ఉంది, దక్కను జొన్నరొట్టె ఉంది, హైదరాబాదు నగరంలోని ఒక సంస్థ ఉంది. ఆ కథ చెప్పడానికే ఈ టపా.

ముందుగా ఒక మాట. సంతోషం, తృప్తి, ఆనందం అనే పదాలు ఎలుకకు కొంచెం పెద్దవి. మా వైపు వాడే "నిమ్మళం" సరిగ్గా అతుకుతుంది. "నిమ్మళంగ ఉన్నవా?" అని అడిగితే నవ్వుతున్నావా అని కాదు, కడుపులో తిండి, మనసులో దిగులు లేకపోవడం, చుట్టూ మనవాళ్ళు ఉండటం, ఈ మూడూ కలిపి అడిగినట్టు. ఈ వ్యాసంలో నేను వాడేది ఆ మాటనే.

ఏ ఎలుక?

మన ఇంటి దూలాల మీద తిరిగే ఎలుక, పొలంగట్టు తొలిచే పందికొక్కు, పంజరంలో పెంచే తెల్లెలుక - ఇవి మూడు వేర్వేరు జాతులు. అన్నట్టు, పందికొక్కు అనే మన మాటే ఆంగ్లంలోకి పోయి "బాండికూట్" అయింది. దక్కనులో తిరిగిన ఆంగ్లేయులు దాన్ని ఎత్తుకుపోగా, తరువాత ఆస్ట్రేలియాలో కనిపించిన, ఎలుకతో ఏ చుట్టరికమూ లేని ఒక సంచిజంతువుకు కూడా ఆ పేరే పెట్టారు. ప్రపంచ జంతుశాస్త్రానికి తెలుగువారి కొక్కు ఇచ్చిన కానుక అది.

పెంపుడు ఎలుక వీటి సంతానం కాదు. అది గోధుమరంగు ఎలుక నుంచి వచ్చింది. ఉత్తర చైనా, మంగోలియా ప్రాంతాల్లో పుట్టి, పద్ధెనిమిదో శతాబ్దపు తొలినాళ్ళకు ఐరోపాకు చేరి, ఓడలెక్కి లోకమంతా పాకిన జాతి. దాన్ని సరదాకు పెంచినవారిలో జపాను వారు ముందున్నారు. 1775లో, 1787లో అక్కడ అచ్చయిన రెండు చిన్న పుస్తకాలు రంగురంగుల ఎలుకలను ఎలా పెంచాలో, ఏ జతను కలిపితే ఏ రంగు పిల్లలు పుడతాయో వివరించాయి. మెండెల్ బఠాణీ మొక్కలకు నూరేళ్ళ లోపు ముందటి మాట ఇది.

లండనులో మరొక దారి. పందొమ్మిదో శతాబ్దం నడుమ జాక్ బ్లాక్ అనే ఆయన విక్టోరియా మహారాణి ఎలుకలు పట్టేవాడినని చెప్పుకునేవాడు. పట్టిన వాటిలో వింత రంగువి, తెల్లవి వేరుగా ఉంచి, పిల్లలు పెట్టించి, పంజరాల్లో పెట్టుకునే వాళ్ళకు అమ్మేవాడు. హెన్రీ మేహ్యూ లండను పేదల జీవితం గురించి 1851లో వెలువరించిన గ్రంథంలో ఈయన కథ ఉంది. చంపడం వృత్తిగా గలవాడే పెంచడానికి ఆద్యుడు కావడం చరిత్రలో అరుదేమీ కాదు. 1901లో మేరీ డగ్లస్ అనే మహిళ పట్టుపట్టి ఎయిల్స్‌బరీ ప్రదర్శనలో చిట్టెలుకల సరసన ఎలుకలకూ చోటిప్పించింది. పిల్లల కథలు రాసిన బియాట్రిక్స్ పాటర్ తన పెంపుడు ఎలుక సామీకి 1908లో ఒక పుస్తకమే అంకితమిచ్చింది.

ఆ తెల్లెలుకే ప్రయోగశాలకు చేరింది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో విస్టార్ సంస్థ 1906 నుంచి ఒకే తీరు ఎలుకలను తరతరాలుగా పెంచసాగింది. వాటి వంశంలో ఒక కొమ్మ మన నీలగిరికొండల మీదికి వచ్చింది. మన కథ అసలు మొదలయ్యేది అక్కడే.

కూనూరు పంజరాలు

1918లో కూనూరు పాశ్చర్ సంస్థలో ఒకే ఒక గదిలో బెరిబెరి వ్యాధి పరిశోధన మొదలైంది. నడిపినవాడు ఇండియన్ మెడికల్ సర్వీసులోని వైద్యుడు రాబర్ట్ మెకారిసన్. ఇంతకీ బెరిబెరియే ఎందుకు? ఈ దేశంలో ఆ వ్యాధి తిష్ఠ వేసుకున్న ప్రధానమైన చోటు ఉత్తర సర్కారులు, అంటే నేటి కోస్తా ఆంధ్ర. కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తడబడి, కొందరికి ఒళ్ళంతా నీరు పట్టి, గుండె ఆగిపోయే జబ్బు. తెల్లగా మర పట్టించిన పచ్చిబియ్యం తినేవారిలో అది కనిపించేది. తవుడుతో పాటు విటమిన్ బి1 పోతుంది. తమిళ జిల్లాల్లో ఎక్కువగా తినేది ఉప్పుడు బియ్యం; వడ్లను ముందే ఉడకబెట్టడం వల్ల ఆ పోషకం గింజ లోపలికి ఇంకి మిగిలిపోయేది. పక్కపక్కన రెండు అన్నాలు తినే జనానికి రెండు రాతలు. కాబట్టి, తర్వాత దేశమంతటికీ పోషకాహార శాస్త్రం నేర్పిన ఆ సంస్థకు మూలం తెలుగువాడి కంచంలోని తెల్లన్నం.

1920 నుంచి అక్కడ తెల్లెలుకల వంశం స్థిరపడింది. వాటి మీద మెకారిసన్ చేసిన ప్రయోగం ఒకటి ఇప్పటికీ తలచుకోదగ్గది. ఒకే వంశపు, ఒకే వయసు, ఒకే బరువు గల ఎలుకలను ఏడు గుంపులుగా విడదీశాడు. సిక్కులు, పఠానులు, మరాఠాలు, గూర్ఖాలు, కన్నడిగులు, బెంగాలీలు, మద్రాసీలు - ఈ ఏడుగురు ఏం తింటారో, ఎలా వండుకుంటారో, అచ్చంగా అదే ఒక్కొక్క గుంపుకు పెట్టించాడు. చివరికి తూచినప్పుడు సిక్కు భోజనం తిన్న ఎలుక సగటు బరువు సుమారు 235 గ్రాములు. మద్రాసీ భోజనం తిన్నది సుమారు 155 గ్రాములు. గోధుమరొట్టె, పాలు, వెన్న, మొలకెత్తిన పప్పులు, పచ్చి కూరగాయలు ఒక వైపు. మర పట్టిన బియ్యం, కాస్త పప్పు, కాస్త కూర మరొక వైపు. "మద్రాసీ" అనే ఆ చీటీ కింద గోదావరి, కృష్ణా జిల్లాలవారు కూడా ఉన్నారని వేరే చెప్పనక్కరలేదు. నిజాం రాజ్యంలో ఉన్న మా పాలమూరు కంచం ఆ వరుసలో లేదు.

బరువుల పట్టిక చాలామంది చెప్పుకున్నారు. నన్ను పట్టి ఆపినది మరొక ప్రయోగం. ఈసారి రెండే గుంపులు. ఒక గుంపుకు సిక్కుల తిండి. రెండోదానికి ఇంగ్లండు పేదల తిండి: తెల్లరొట్టె, మార్గరిన్, చక్కెర వేసిన టీ, ఉడికించిన క్యాబేజీ, బంగాళాదుంప, డబ్బా మాంసం, జాము. మొదటి గుంపు పెరిగింది, కలిసిమెలిసి బతికింది. రెండో గుంపు గిడసబారింది. వాటికి ఒకదానితో ఒకటి పడలేదు, తిండి పెట్టే పనివాళ్ళను కరవబోయాయి, రెండు నెలలు గడిచేసరికి తమలోని బలహీనమైన వాటిని చంపి తినసాగాయి. ఇవన్నీ మెకారిసన్ స్వయంగా రాసిపెట్టిన విషయాలు. ఆయన మేలైన తిండి పెట్టి, రోజూ ఎండ చూపించి, పక్క శుభ్రంగా ఉంచి సాకిన వెయ్యికి పైగా ఎలుకల్లో రెండేళ్ళకు పైబడిన కాలంలో జబ్బన్నదే కనబడలేదు.

ఒకే తల్లి బిడ్డలకు, ఒకే చోట పెరిగినవాటికి, పంజరం గోడకు ఇటు సాధుగుణం, అటు క్రూరత్వం. మధ్యలో మారినది కంచం ఒక్కటే.

జాతిగుణం అనే మాట

ఆ కాలంలో ఈ ఫలితానికి మరొక అర్థం కూడా ఉంది. బ్రిటిషు వారు భారత సైన్యానికి "వీరజాతులు" అనే లెక్క కట్టారు. సిక్కులు, పఠానులు, గూర్ఖాలు పుట్టుకతోనే వీరులట. దక్షిణాది వారు కారట. కంపెనీ కాలంలో మద్రాసు సైన్యాన్ని మోసిన తెలుగు సిపాయీల కొలువులు పందొమ్మిదో శతాబ్దం చివర క్రమంగా తగ్గించింది ఈ లెక్కతోనే.

మెకారిసన్ పట్టికలో పైనున్న పేర్లు చూస్తే, పైకి ఆ లెక్కనే బలపరిచినట్టుంటుంది. కాని పంజరాల్లో సిక్కులూ లేరు, తెలుగువారూ లేరు. అన్నీ ఒకే వంశపు తెల్లెలుకలు. రక్తం ఒక్కటే అయినప్పుడు 80 గ్రాముల తేడా తిండి వల్లనే రావాలి. భారతీయుల దేహదారుఢ్యంలో కనిపించే తేడాలకు అన్నిటికంటె పెద్ద కారణం ఆహారమేనని ఆ వైద్యుడే తేల్చాడు. సామ్రాజ్యపు కొలువులో ఉన్న మనిషి, సామ్రాజ్యం నమ్మిన ఒక పెద్ద అబద్ధాన్ని, బహుశా ఆ ఉద్దేశం లేకుండానే, ఎలుకల త్రాసులో తూచి తేలికచేశాడు.

ఈ సంగతి మన చిన్నయసూరి పాఠకులకు కొత్తగా తోచకపోవచ్చు. 1853 నాటి నీతిచంద్రికలో, మిత్రలాభంలో హిరణ్యకుడనే ఎలుక ఉన్నాడు గదా. చిలుకకొయ్యకు తగిలించిన భిక్షాపాత్ర దాకా ఎగిరి అన్నం తినిపోయేవాడు. కలుగు తవ్వి కూడబెట్టినదంతా సన్యాసి పట్టుకుపోయాక ఆ ఎగిరే సత్తువ పోయింది, పరివారమూ విడిచిపోయింది. ఎలుక సత్తువ దాని కలుగులో ఉన్నదని కథకుడు చెప్పాడు. కూనూరు వైద్యుడు కొలిచి చూపాడు.

తార్నాకకు వచ్చాక

1928లో ఆ గదికి పోషకాహార పరిశోధనశాల అనే హోదా వచ్చింది. 1958లో సంస్థ కూనూరు వదిలి హైదరాబాదు తార్నాకకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఎలుకల వంశమూ వెంట వచ్చింది. 1920 నాటి ఆ తరం వారసులకు పేరులోనే విస్టార్‌తో పాటు ఈ సంస్థ పేరూ కలిసింది.

దక్కనుకు రాగానే పరిశోధకుల ముందుకు మా జొన్నరొట్టె వచ్చింది. బీద జొన్నతిండి వారిలో పెల్లాగ్రా కనిపించేది: మెడ చుట్టూ, చేతుల మీద ఎండ తగిలిన చోటల్లా నల్లబారి పొలుసులూడే చర్మం, విరేచనాలు, ఆపైన మనసు చెడటం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, అంతులేని దిగులు, ముదిరితే మతి తప్పడం. మొక్కజొన్న తినేవారి జబ్బుగా లోకానికి తెలిసిన పెల్లాగ్రా జొన్న తినేవారికి ఎందుకు వస్తున్నది? జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదుకు మించి ఉండటమే కారణమని సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంటియా 1960లో ప్రతిపాదించారు. కుక్కల మీద, ఎలుకల మీద ప్రయోగాలు జరిగాయి; ఎలుకల్లో ఆ ఫలితం తమకు కనబడలేదని కొందరు విదేశీ శాస్త్రవేత్తలు వాదించారు; చర్చ దశాబ్దాలు నడిచింది.

ఇందులో తప్పు జొన్నది కాదు. పప్పు, ఆకుకూర, మజ్జిగ తోడున్న జొన్నరొట్టె చక్కని తిండి. రొట్టె, కారం తప్ప మరేమీ దొరకని ఇంటికే ఆ జబ్బు వచ్చింది. అలాంటి ఇంటి మనిషి ఊరికే కసురుకుంటుంటే, ముభావంగా మూల కూర్చుంటే, దాన్ని "వాని గుణం" అన్నారు ఊళ్ళో. కూనూరు పంజరంలో కరిచిన ఎలుక గుణం ఎలాంటిదో, ఇదీ అలాంటిదే. దేశమంతా ఆనకట్టలు, కాలువలు తవ్విన "పాలమూరు లేబరు" గురించి కూడా గుణాలు చెప్పినవారు ఎందరో. వారు తవ్వకం దగ్గర ఏం తిన్నారని అడిగినవారు కొందరే.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 1996లో తార్నాక ఎలుకల్లో తనంతట తానుగా ఊబకాయపు రకం ఒకటి పుట్టింది. ఎంత తిన్నా చాలదు. కొన్ని కిలో బరువు దాటతాయి. మామూలు ఎలుక బరువుకు అది ఎన్నో రెట్లు. కడుపు నిండటానికీ నిమ్మళానికీ నడుమ దూరం ఎంతో ఆ జీవాలను చూస్తే తెలుస్తుంది. తిండి లేకపోతే నిమ్మళం లేదు. తిండి ఒక్కటే ఉన్నా లేదు.

నిమ్మళాన్ని చదవడం

మెకారిసన్ ఎలుకల మంచితనాన్ని చూశాడు గాని కొలవలేదు. కొలిచే ఉపాయాలు చాలాకాలానికి వచ్చాయి. పెంచుకునేవారు ఈ గుర్తులను ముందే ఎరుగుదురు. శాస్త్రం తర్వాత వచ్చి కొన్నిటిని రుజువు చేసింది.

మొదటిది పళ్ళ నూరుడు. ఎలుక ముందుపళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ఒడిలో ఒదిగి, వీపు నిమిరించుకుంటున్న ఎలుక పైపళ్ళను కిందిపళ్ళతో మెల్లగా నూరుతుంది. చేతికి సన్నని అదురు తెలుస్తుంది. దవడ కండరం ఒకటి కంటిగుంట వెనుకగా పోతుంది కాబట్టి, నూరుడు జోరందుకుంటే కనుగుడ్లు లోపలికీ బయటికీ ఆడతాయి. తెలియనివారు మూర్ఛ అనుకొని భయపడతారు. అది పిల్లి గురగురకు సమానమైన స్థితి. అయితే నొప్పితో, భయంతో ఉన్న ఎలుక కూడా పళ్ళు నూరుతుంది. ఒళ్ళు వదులుగా ఉందా, ముడుచుకొని ఉందా అని చూడకుండా ఒక్క పళ్ళను బట్టి తీర్పు చెప్పరాదు.

రెండోది మన చెవికందని గొంతు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినలేదు. ఎలుకలు ఆడుకునేటప్పుడు 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచలాడతాయి. భయపడ్డప్పుడు 22 కిలోహెర్ట్జ్ దగ్గర మూలుగుతాయి. అమెరికాలో యాక్ పాంక్‌సెప్, జెఫ్రీ బర్గ్‌డార్ఫ్ 1990ల చివర ఎలుకలకు చక్కిలిగిలి పెట్టి, గబ్బిలాల కూత పట్టే పరికరంతో విన్నారు. అవి కిచకిచలాడుతూ, ఆ చేతి వెంటనే మళ్ళీ మళ్ళీ పరుగెత్తాయి. 2016లో బెర్లిన్ శాస్త్రవేత్తలు మరొకటి గమనించారు: ఎత్తైన చోట నిలబెట్టి బెదరగొట్టిన ఎలుకకు చక్కిలిగిలి పెడితే ఆ కిచకిచ దాదాపు ఆగిపోయింది. దిగులులో ఉన్నవాణ్ణి నవ్వించబోతే నవ్వు రానట్టే.

మూడోది చెవులు. అదే 2016లో స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయం వారు, ఆటలాడించిన ఎలుకల చెవులు గులాబిరంగు తేలి, పక్కలకు వదులుగా వాలుతాయని ఛాయాచిత్రాలతో చూపారు. నొప్పిని ముఖంలో చదివే పద్ధతి 2011లోనే వచ్చింది. కళ్ళు చికిలించడం, ముక్కు చదునెక్కడం, చెవులు ముడవడం దాని గుర్తులు. బాధకు లిపి ముందు దొరికి, నిమ్మళానికి తర్వాత దొరకడం మానవ స్వభావానికి తగినట్టే ఉంది.

ఇక పెంచేవారికి అవసరమైన మాట ఒకటుంది. ఒంటరి ఎలుకకు నిమ్మళం లేదు. గుంపులో బతికే ప్రాణి. ఒకదాని మెడ ఒకటి నాకుకుంటూ, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంది. కనీసం రెండింటిని, అదీ ఒకే లింగం వాటిని, కలిపి ఉంచాలి. వాటి ఆయువు రెండు మూడేళ్ళే. అందులో ఒక నెల ఒంటరితనం మన లెక్కలో ఏళ్ళకు సమానం.

ఎలుక ఎందుకు నిమ్మళంగా ఉండాలని అడిగేవారికి నా సమాధానం ఇంతే. బెరిబెరి నుంచి పెల్లాగ్రా దాకా, మన తిండిలో ఏది చాలదో కనిపెట్టడానికి ఆ జీవాలు తమ ఆకలిని ఇచ్చాయి. గింజలు దోచే ఎలుకతో పేదరైతు వైరం న్యాయమైనదే, దాన్ని మానమని నేననను. కాని కరిచే ప్రాణిని చూసినప్పుడు - అది ఎలుక అయినా, మనిషి అయినా - "దీని జాతే అంత" అనేముందు, దాని కంచంలో ఏముంది, దాని పక్కన ఎవరున్నారు అని రెండు ప్రశ్నలు అడగవలసి ఉంది. కూనూరు పంజరాలు నేర్పిన పాఠం అదేనని నా నమ్మకం.

మీ ప్రాంతాల్లో ఎలుకకు, కొక్కుకు, చుంచుకు ఉన్న పేర్లు, గింజలు దాచిన పాతరల ముచ్చట్లు తెలిసినవారు రాస్తే సంతోషిస్తాను. పాతరలు పూడిపోయాయి, కనీసం ఆ మాటలైనా మిగులుతాయి.